‘ఆవిడ’ తీసి ‘నేను’ పెట్టాను

పరుపుల షాపులో పనిచేసేవాడికి కూర్చునే యోగం ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, పడుకోవడంలోని సుఖం గురించి వచ్చినవాళ్లకు చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ నా కాళ్లు స్తంభాలయ్యాక, మా యజమాని నన్ను పిలిచాడు. ఆయన్ని మేం దూదిబాబు అంటాం. షాపు ఎత్తేస్తున్నానని, నెలాఖరులోగా వేరే దారి చూసుకోమని, దూదంత మెత్తగా చెప్పాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు కూలబడ్డాను. ఆవిడ కంగారు పడలేదు. పేపరు విప్పి ఒక ప్రకటన మీద వేలు పెట్టింది. ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు మేనేజరు కావాలట. లిఫ్టు, నీళ్లు, పార్కింగు, ఇళ్లవాళ్ల తగాదాలు చూసుకోగలగాలట. కవర్ లెటర్‌తో దరఖాస్తు చేసుకోవాలట.

“కూర్చుని చేసే ఉద్యోగమేనా?” అన్నాను ఆశగా.

వెంటనే బజారుకు వెళ్లి, బంగారు రంగు అంచున్న కవరు ఒకటి కొనుక్కొచ్చాను. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి తొంగి చూసింది.

“లెటరేదండీ?”

“ముందు కవరెలా ఉందో చెప్పు!”

“కవర్ లెటర్ అంటే కవరు గొప్పగా ఉండాలని కాదు. నేను ఫలానా, మీకు ఇలా పనికొస్తాను అని ఒక్క పేజీలో చెప్పే ఉత్తరం.”

“ఆ మాత్రం తెలీదనుకున్నావా? నిన్ను పరీక్షించాను.”

మా ఆవిడతో చిక్కేమిటంటే, ఎప్పుడు పరీక్షించినా తనే పాసవుతుంది.

సరే, భోజనాల బల్ల దగ్గర కూర్చుని నా ప్రతిభంతా ధారపోశాను. ‘మహోన్నత వ్యక్తిత్వ సంపన్నులు, ఉదార హృదయులు అయిన తమ దివ్య సముఖమునకు’ అని ఎత్తుకున్నాను. అక్కడికే సగం పేజీ అయిపోయింది. మిగతా సగంలో నేను నిజాయితీపరుణ్ణని, కష్టజీవినని, నలుగురితో కలిసిపోతానని రాశాను.

“ఇది దరఖాస్తా, సన్మాన పత్రమా?” అంది మా ఆవిడ.

“మర్యాద!”

“మర్యాదకు ‘అయ్యా’ చాలు. ఇక నిజాయితీపరుణ్ణి అంటారా, అది దొంగ కూడా రాస్తాడు. వాళ్లకి లిఫ్టు చెడింది, నీళ్లు రావట్లేదు, జనం కొట్టుకుంటున్నారు. లేకపోతే ప్రకటనెందుకిస్తారు? అలాంటి చిక్కు మీరెక్కడైనా విప్పారా? విప్పితే అదొక్కటి రాయండి.”

“పరుపులు అమ్మాను కదా!”

“పరుపుకి లిఫ్టుంటుందా?”

ఉండదు. ఎంత ఆలోచించినా ఉండదు.

అప్పుడే నా బుర్రలో మెరుపు మెరిసింది. మేముండే బిల్డింగుకు సెక్రటరీని నేనే. మెట్ల దగ్గర బోర్డు మీద నా పేరే ఉంటుంది. పనులన్నీ మా ఆవిడ చేస్తుంది కానీ, ఆ సంగతి బోర్డుకు తెలీదు కదా! లిఫ్టు ఆగితే బాగు చేయించింది ఆవిడ. స్కూటర్లు పెట్టుకునే చోటు కోసం టైలరూ ట్యూషన్ మాస్టారూ కలబడితే సర్దింది ఆవిడ. మోటారు కాలిపోతే అందరి చేతా చందా కట్టించింది ఆవిడ.

పెన్ను తీసి అవన్నీ రాశాను. వ్యాకరణం ప్రకారం చేసిన మార్పు చాలా చిన్నది. ప్రతిచోటా ‘ఆవిడ’ తీసి ‘నేను’ పెట్టాను. చదువుకుంటే నా మీద నాకే గౌరవం పెరిగింది. మా ఆవిడకు చూపించకుండా పోస్టు చేసేశాను.

వారం తిరక్కుండా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

“నా శైలికి పడిపోయారు” అన్నాను మీసం దువ్వుతూ.

“సన్మానపత్రానికా?” అని మా ఆవిడ నా మొహంలోకి అనుమానంగా చూసింది. నేను బూట్లు వెతుక్కునే నెపంతో మంచం కిందికి దూరాను.

ఆ అపార్ట్‌మెంటు ఆఫీసు జనరేటరు పక్క గది. బల్లకు అవతల ఇద్దరున్నారు. అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు. ట్రెజరరు పళ్ల డాక్టరు. ఒకావిడ ప్రశ్న వేస్తుంది, ఒకాయన జవాబు లాగుతాడు. ఎంత బాగా కుదిరారో చూడండి.

“మీ ఉత్తరం బాగుంది. సూటిగా ఉంది” అంది హెడ్‌మిస్ట్రెస్సు. “మీ లిఫ్టు ఆగితే కంపెనీవాళ్ల చేత ఆ రోజే బాగు చేయించారట. ఎలాగ?”

“ఫోన్ చేశానండి.”

“మేమూ రోజూ చేస్తున్నాం. రావట్లేదు. మీరేమన్నారు?”

“నోరు బాగా తెరవండి” అన్నాడు పళ్ల డాక్టరు, అలవాటు కొద్దీ.

చెప్పినట్టే తెరిచాను. మంచినీళ్లు తాగొస్తానని వరండాలోకి పరిగెత్తి మా ఆవిడకు ఫోన్ చేశాను.

“ఏమే, మన లిఫ్టు ఎలా బాగు చేయించావు?”

“ఇప్పుడెందుకు?”

“జనరల్ నాలెడ్జి!”

“బిల్లు డబ్బులకి లిఫ్టు కంపెనీ మేనేజర్ని రమ్మన్నాను. చెక్కు పై అంతస్తులో ఉంది, వచ్చి తీసుకోండి అన్నాను. మెట్లెక్కి వచ్చాడు. దిగేటప్పుడు తనే ఫోన్ చేసి మెకానిక్కుని పిలిపించాడు.”

లోపలికెళ్లి అదే అప్పజెప్పాను. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాను.

“మరి ఆ స్కూటర్ల గొడవ?”

కాలు దించి, మళ్లీ దాహమన్నాను.

“షుగరు ఉందేమో, చూపించుకోండి” అన్నాడు పళ్ల డాక్టరు.

నేను గుమ్మం దాకా వెళ్లానో లేదో, తలుపు తోసుకుని ఇద్దరు లోపలికొచ్చారు. ఒకాయన పై ఇంటాయన. ఒకావిడ కింది ఇంటావిడ. ఆయన స్నానం చేస్తే ఈవిడ వంటింట్లో వాన పడుతోందట. స్నానం మానేయమంటుంది ఈవిడ. వంట మానేయమంటాడు ఆయన.

హెడ్‌మిస్ట్రెస్సు కళ్లజోడు సర్దుకుని నావైపు చూసింది. “అనుభవం ఉన్నవారు కదా. ఏదీ, తీర్చండి!”

నాకు తెలిసిన విద్య ఒక్కటే. “అమ్మా, కింద ఒక పరుపు వేయండి. చుక్క మిగలకుండా పీల్చేస్తుంది” అన్నాను.

“వంటింట్లో పరుపేమిటయ్యా!” అని ఆవిడ నా మీదికొచ్చింది. “నేను స్నానం చేస్తే పరుపు తడవాలా?” అని ఆయన కూడా నా మీదికే వచ్చాడు. ఇద్దరినీ ఒక మాట మీదికి తెచ్చిన ఘనత నాదే.

మూలకు నక్కి, జేబులోని ఫోన్ తీసి మా ఆవిడకు కొట్టాను. కంగారులో స్పీకరు మీట నొక్కినట్టున్నాను, ఆవిడ గొంతు గదంతా మారుమోగింది.

“మళ్లీ ఏమిటండీ?”

“పై ఇంటాయన నీళ్లు కింది ఇంటావిడ వంటింట్లోకి కారుతున్నాయే! కొట్టుకుంటున్నారే!” అన్నాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

“ఎవరింట్లో వాళ్లు నిలబడితే ఎవరి మాట వాళ్లకే నిజం. పై ఇంటాయన్ని కింద వంటింట్లో నిలబెట్టండి. కింది ఇంటావిణ్ణి పైన నిలబెట్టి కుళాయి తిప్పించండి. ఆయన నెత్తిన నాలుగు చుక్కలు పడితే ప్లంబర్ని ఆయనే పిలుస్తాడు.”

గదిలో అందరూ ఫోన్ వైపు తిరిగారు. ఆవిడ మాత్రం ఆగలేదు.

“ఇంతకీ మీకెందుకీ గొడవ? కొంపదీసి నేను చేసినవన్నీ మీరు చేసినట్టు రాసేశారా? అది కవర్ లెటర్ కాదండీ, కవరింగ్ లెటర్! గీకితే లోపల రాగే!”

పళ్ల డాక్టరు తన పళ్లన్నీ చూపించి నవ్వాడు. హెడ్‌మిస్ట్రెస్సు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“అమ్మా, మీరు ఒక్కసారి ఇక్కడికి రాగలరా?”

మా ఆవిడ ఆటోలో వచ్చింది. గంట తిరక్కుండా పై ఇంటాయన తడి తలతో ప్లంబరుకు ఫోన్ చేస్తున్నాడు. సాయంత్రానికి మేనేజరు కుర్చీలో మా ఆవిడ కూర్చుంది. నేను అలవాటు ప్రకారం పక్కన నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ పక్కన ఒదిగి కూర్చున్నాను.

“కోపమా?” అన్నాను.

“కోపం దేనికి? వాళ్లు మీ ఉత్తరం చూపించారు. నా గురించి మీరంత బాగా రాస్తారని ఇన్నేళ్లూ తెలీదు” అంది. నవ్వు ఆపుకోలేక రోడ్డువైపు తిరిగింది.

ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకున్నాను. “మీ ఆఫీసులో అసిస్టెంటు పోస్టేమైనా ఉందా?”

“ఉంది. దరఖాస్తు పెట్టుకోండి. కవర్ లెటర్‌తో. ఈసారి మీరు చేసినవే రాయాలి.”

మర్నాడు పొద్దున్న భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. కాగితం తెల్లగానే ఉంది. చివరికి, ఎవరూ కాదనలేని నిజం ఒకటి తట్టింది. ‘అయ్యా, నేను మేనేజరు గారి భర్తను’ అని రాసి, ఆఫీసు నుంచి రాగానే ఆవిడ చేతికిచ్చాను.

ఎర్ర పెన్నుతో దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద రాసిచ్చింది: ‘సిఫార్సులు చెల్లవు.’