ఎడమవైపు తిరుగుడు

ఆ మంగళవారం పొద్దున ఒట్టోకర్ హబేటినెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మంగలి దగ్గరికి వెళ్తున్నానని పెళ్ళానికి చెప్పాలి, మంగలి దగ్గరికి కాకుండా ఇంకో చోటికి వెళ్ళాలి, పదిన్నరకల్లా ఇంటికి చేరాలి. ముప్ఫై నాలుగేళ్ళు వియన్నా వీధుల్లో ట్రాము నడిపిన మనిషికి వేళకు బయల్దేరి వేళకు చేరడం ఒక పనా? లోపమల్లా ఒక్కటే. పదిహేను రోజుల్లో మంగలి దగ్గరికి ఇది నాలుగోసారి, ఆయన తల మీద జుట్టేమో కోడిగుడ్డు మీద ఉన్నంత.

"మళ్ళీ మంగలేనా?" అంది హెర్మినె, రొట్టెకు వెన్న రాస్తూ.

"చెవుల వెనకాల పెరిగింది."

"ఆ పెరిగేదేదో ముందు పెరగకూడదూ," అని ఆవిడ మళ్ళీ వెన్న రాసుకుంది.

ఆయన వెళ్ళేది ఓల్గా గారి నాట్యశాలకు. ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి. వాళ్ళ పెళ్ళినాడు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ గిరగిరా తిరిగే ఆ జంట నాట్యం, మొదటి వాల్ట్జ్, ఆడాలి కదా, అదీ ఎడమవైపు తిరుగుతూ. కుడివైపు ఎవరైనా తిరుగుతారు, ఎడమవైపు తిరిగినవాడే వియన్నావాడని ఆ ఊరి పట్టింపు. ఒట్టోకర్ ఆరు చుట్లు బాగానే తిరిగాడు. ఏడో చుట్టులో గోడలు ఆయనకంటే ముందు పరుగెత్తాయి. పెళ్ళికూతుర్ని వదిలేసి, వాయిద్యాలవాళ్ళ దగ్గరున్న నిలువెత్తు ఫిడేలును కావలించుకుని, పాట అయ్యేదాకా దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. పెళ్ళి ఫోటోలన్నిట్లోకీ బాగా కుదిరింది అదే.

అప్పట్నుంచీ ఏటా చలికాలంలో ట్రాము ఉద్యోగుల నాట్యోత్సవంలో హెర్మినె మొదటి వాల్ట్జ్ తన బావ అల్ఫోన్స్‌తో ఆడేది. అల్ఫోన్స్ అంటే, చనిపోయిన ఆవిడ అక్కకు మొగుడు. మిఠాయి కొట్టు నడిపినవాడు, నేల మీద వెన్నలా జారేవాడు. ఒట్టోకర్ గోడవార కుర్చీలో కూర్చుని, భార్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కాపలా కాసేవాడు. అలా ముప్ఫై తొమ్మిదేళ్ళు కాశాడు. మొన్న క్రిస్మస్ వెళ్ళాక హెర్మినె ఒక మాట అంది. పెద్దగా ఏమీ అనలేదు, గిన్నెలు తుడుస్తూ అంది.

"ఈసారి బావతో ఆడను. నలభై నిండుతున్నాయి మనకి. నీతో అయితే ఆడతాను, లేకపోతే నా సంచీ నేనే పట్టుకుని నీ పక్కన కూర్చుంటాను. ఇక ఆ ఆట అంతటితో సరి."

వాల్ట్జ్ అంటే ఆవిడకు ప్రాణం. ఎక్కడో రేడియోలో వినబడినా చాలు, బల్ల కింద కాళ్ళు ఆగవు. అలాంటి మనిషి సంచీ పట్టుకుని కూర్చోవడం ఒట్టోకర్‌కు ఊహకు కూడా అందలేదు. మర్నాడే వెళ్ళి ఓల్గా గారి తలుపు తట్టాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెప్పి, ఆశపెట్టి, తీరా మళ్ళీ ఫిడేలును పట్టుకుంటే ఆవిడ మొహం ఎలా చూడగలడు?

ఓల్గా గారికి ఎనభై రెండేళ్ళు. చేతికర్రతో నేల మీద కొడుతూ తాళం వేస్తుంది.

"నేల చూస్తున్నావు నువ్వు. ట్రాము కూడా పట్టాలు చూస్తూనే నడిపావా ఏం?"

"అవునండీ, పట్టాలూ దీపాలూ చూస్తూనే."

"అదే నీ జబ్బు. తలెత్తు. ఎదురుగా కదలనిది ఒకటి గుర్తు పెట్టుకో. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా దాన్ని పలకరించి పో. పరధ్యానం పనికిరాదు. పది చుట్లు ఎడమకి తిరిగితే రెండు కుడికి తిరిగి విప్పుకో. కడుపు నిండా తిని రాకు. ఇంద, ఈ అల్లం బిళ్ళలు జేబులో వేసుకో."

హెర్మినె పదిన్నరకు కూరగాయలకు వెళ్తుంది. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగగానే ఒట్టోకర్ వంటింటి బల్ల పక్కకు జరిపి, పడకమీది పొడుగు దిండును నడుం పట్టుకుని తిరగడం మొదలుపెట్టేవాడు. గుర్తు కూడా మంచిదే దొరికింది. ఇళ్ళ మధ్యనున్న ముంగిలికి అవతల, ఎదురు కిటికీలో ఒక పంజరం, అందులో పసుపుపచ్చ పిట్ట. ఓల్గా గారు చెప్పినట్టే చుట్టుకోసారి దానికి తలూపి పోయేవాడు.

ఆ పిట్ట కౌన్సిలరమ్మది. భర్త పోయి పదేళ్ళయినా ఆయన పదవి మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది, ఆ ఇళ్ళల్లో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఆవిడకు కనబడిందేమిటంటే, ఎదురింటి పెద్దమనిషి, పెళ్ళాం గడప దాటగానే దిండును కావలించుకుని, ఇటు తిరిగినప్పుడల్లా తన కిటికీ వైపు చూసి తలూపుతున్నాడు. మొదటి రోజు తెర లాగేసింది. రెండో రోజు సగమే లాగింది. నాలుగో రోజు తనూ తలూపింది. వారం తిరిగేసరికి ఊదారంగు శాలువా కప్పుకుని పంజరం పక్కనే కుర్చీ వేసుకుంది. పాపం, పదేళ్ళుగా ఆవిడకు తలూపినవాడు లేడు మరి.

ఒకరోజు చలిగాలికి పిట్ట ముడుచుకుందని ఆవిడ పంజరం లోపలికి తీసింది. ఒట్టోకర్ తిరిగి వచ్చి చూస్తే గుర్తు లేదు. వంటిల్లు గిర్రున తిరిగి, పళ్ళేల అలమారా వచ్చి ఆయన్ని గుద్దింది. దిండు చంకలో పెట్టుకునే లేచి కిటికీ తెరిచాడు.

"కౌన్సిలరమ్మగారూ, మీకు పుణ్యముంటుంది, కిటికీలోంచి పక్కకు జరక్కూడదండీ. కనబడకపోతే నేను నిలబడలేకపోతున్నాను."

ఆయనన్నది పంజరాన్ని. ఆవిడ విన్నది వేరు.

"ఇంట్లో భార్య ఉండగా అడగవలసిన మాటేనా ఇది?" అంది ఆవిడ, శాలువా సర్దుకుని.

"ఆవిడ లేనప్పుడేనండీ. ఆవిడకు తెలియకూడదు."

కింద ముంగిట్లో మంచు తోస్తున్న ప్రొహాస్కమ్మ పార ఆపింది. ఆ ఇళ్ళ కాపలా మనిషి ఆవిడ. ఇరవై ఏళ్ళుగా గేటు తాళాలన్నీ ఆవిడ దగ్గరే, వార్తలూ ఆవిడ దగ్గరే.

"ఏం చేస్తున్నారు హబేటినెక్ గారూ?"

"ఏం లేదు ప్రొహాస్కమ్మా, కాస్త తిరుగుతున్నాను. మా ఆవిడతో అనకు."

ఆ ఊరి మాటలోనూ అంతే, తిరగడమంటే నాట్యంలో తిరగడమూ అవుతుంది, ఇల్లు పట్టకుండా తిరగడమూ అవుతుంది. రెండోది ఎప్పుడూ ముందుగా చెవిన పడుతుంది. ప్రొహాస్కమ్మ మెట్ల దగ్గరే కాచుకుని, ఉల్లిపాయల సంచీతో వస్తున్న హెర్మినెను ఆపింది.

"నేను చెప్పకూడదమ్మా. చెప్పొద్దని కూడా అన్నారు. కానీ మీ ఆయన తిరుగుతున్నారు."

"ఎవరితో?"

"కనబడకపోతే నిలబడలేనంటున్నారు, ఆ ఎదురింటావిడతో. దిండు కూడా పెట్టుకున్నారు, ఎందుకో నన్నడక్కండి."

హెర్మినె అరవలేదు. పైకి వెళ్ళి ఉల్లిపాయలు బుట్టలో పోసి, మొగుడి కోటు జేబులో చెయ్యి పెట్టింది. అల్లం బిళ్ళలు దొరికాయి, నోటి వాసన పోవడానికి నమిలేలాంటివి. వాటి కింద మడత కాగితం. 'మంగళవారం తొమ్మిదింటికి. ఈసారి ఎడమవైపే. కడుపు ఖాళీగా రా. ఓల్గా.' అంటే ఇద్దరన్నమాట. ఆవిడ కాగితం మళ్ళీ మడిచి, బిళ్ళల కిందే పెట్టింది.

మర్నాటి నుంచి ఒట్టోకర్‌కు పొద్దున కాఫీ లేదు, రొట్టె లేదు. ఎందుకని ఆయన అడగలేదు. కడుపు ఖాళీగా ఉండాలన్న నియమం అడగకుండానే కుదిరిందని సంతోషించాడు కూడా. నాలుగో రోజుకి ఆవిడే అడిగింది.

"నువ్వు తిరుగుతున్నావని విన్నాను."

ఒట్టోకర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ప్రొహాస్కమ్మ నోట్లో ఏదీ ఆగదు కదా. సరే, తెలిసింది కనక చెప్తున్నాను. ఈ వయసులో ఎందుకని నేనూ అనుకున్నాను. మొదట్లో రెండు నిమిషాలకే పడిపోయేవాణ్ణి. ఇప్పుడు అలవాటైంది."

"అలవాటైందా."

"ఓల్గా గారు మెచ్చుకుంటున్నారు కూడా. శనివారం నీకు చూపిద్దామని దాచాను."

"నాకు చూపిస్తావా?"

"అందరి ముందూ చూపిస్తాను. మీ బావ కూడా చూడాలి."

హెర్మినె గరిటె బల్ల మీద పెట్టింది. చాలా మెల్లగా పెట్టింది. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఆ మెల్లదనం చూసి పక్కింటికి పోయి కూర్చునేవాళ్ళు. ఒట్టోకర్ మాత్రం ఈలవేస్తూ బూట్లకు నల్లరంగు పట్టించుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి నాట్యోత్సవం. ఉద్యోగం నుంచి దిగినవాళ్ళకు అదే మంచి వేళ. హెర్మినె నీలం గౌను వేసుకుని వచ్చింది. రాకుండా ఉండేది కాదు, జనం మధ్య అయితే పారిపోలేడని ఆవిడ లెక్క. తలుపు దగ్గరే అల్ఫోన్స్ ఎదురై, వంగి ఆవిడ చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

"మొదటిది నాదేగా మరదలా? ఏం తోడల్లుడూ, సంచీ పట్టుకుంటావా?"

"సంచీ ఇవాళ నువ్వు పట్టుకో బావా," అంది హెర్మినె, సంచీ ఆయన చేతిలో పెట్టి. అల్ఫోన్స్ దాన్ని కుర్చీ మీద పడేసి, ఆ పక్కన ఒంటరిగా నిలబడ్డ ఆవిడకు చెయ్యి అందించాడు. ఆవిడ ఎవరో కాదు, కౌన్సిలరమ్మ. ఎదురింటి పెద్దమనిషి వస్తాడని ప్రొహాస్కమ్మ దగ్గర విని, పిట్టకూ తనకూ తేడా తెలియకుండా పసుపుపచ్చ పట్టుగౌను తొడుక్కుని వచ్చింది.

పాట మొదలైంది. ఒట్టోకర్ దిండును తలుచుకుని, భార్య నడుం మీద చెయ్యి వేసి ఎడమవైపు తిరిగాడు. ఒక చుట్టు. గుర్తు కోసం వెతికితే అల్లంత దూరంలో పసుపుపచ్చ కనబడింది. ప్రాణం లేచి వచ్చింది. తలూపాడు. రెండో చుట్టులోనూ ఊపాడు. మూడో చుట్టులో హెర్మినె చెయ్యి ఆయన భుజం మీంచి లేచి గడ్డం పట్టుకుంది.

"ఇటు చూడు."

"తల తిరుగుతుంది హెర్మినె."

"తిరగనీ. నలభై ఏళ్ళు నేల చూశావు, ఇప్పుడు ఆవిణ్ణి చూస్తున్నావు. నా మీంచి చూపు తీశావా, ఇక్కడే వదిలేసి ఇంటికి పోతాను."

ఒట్టోకర్ చూశాడు. ఆవిడ కళ్ళు ఎర్రగా, రెప్ప వెయ్యకుండా, పట్టాల మీది ఎర్రదీపంలా ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఎర్రదీపం మీంచి చూపు తీసింది లేదు.

"ఎవరా ఓల్గా?"

"నాట్యం నేర్పుతుంది. ఎనభై రెండేళ్ళు." ఒక చుట్టు.

"ఆ బిళ్ళలు?"

"తల తిరక్కుండా." ఇంకో చుట్టు.

"ఎడమవైపని రాసింది?"

"ఇదిగో, ఇదే."

"మరి కౌన్సిలరమ్మ?"

"ఆవిడ కాదు, ఆవిడ పిట్ట. అది కదలదు."

"దిండెందుకు?"

"నీ బదులు."

 ఈలోగా అటు అల్ఫోన్స్, మరదలు మొగుడి గడ్డం పట్టుకుని ఏమంటోందా అని మెడ తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆడుతూ పక్కకు చూడటం అదే మొదలు. అలా చూస్తూ చూస్తూ, ఆప్రికాట్ జామ్ కూరిన బూరెలు పేర్చిన బల్ల దాకా పోయి, దాని మీద కూర్చున్నాడు. నాలుగొందల బూరెల్లో సగం ఆయన కిందే ఉన్నాయి. కౌన్సిలరమ్మ మాత్రం నిటారుగా నిలబడి, పసుపు గౌను మీది జామ్ తుడుచుకుంటూ, తనకు తలూపినవాడెక్కడా అని చూస్తోంది.

హబేటినెక్ దంపతులు అదేదీ చూడలేదు. వాళ్ళ చుట్టూ గోడలు, దీపాలు, జనం అన్నీ తిరుగుతున్నాయి, మధ్యలో ఒకరి మొహం ఒకరికి తప్ప ఏదీ నిలకడగా లేదు.

"ఒట్టో," అంది హెర్మినె మెల్లగా, "పద్దెనిమిది చుట్లు అయ్యాయి."

"లెక్కపెట్టావా?"

"నలభై ఏళ్ళుగా లెక్కపెడుతున్నాను. ఆరు దగ్గరే ఆగిపోయింది ఇన్నాళ్ళూ."

అని ఆవిడ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి, ఆ కోపమంతా కరిగిపోయింది, ఎర్రదీపం ఆరిపోయింది. ఒట్టోకర్‌కు చూసుకోవడానికి పట్టు దొరకలేదు. గోడలు ఒక్కసారిగా పరుగెత్తాయి. రెండడుగులు అటూ ఇటూ తూలి, చేతికి అందినదాన్ని కావలించుకున్నాడు. అది నిలువెత్తు ఫిడేలు. వాయించే ఆయన వంగి, "పాట ఇంకా అయిపోలేదండీ," అన్నాడు. హెర్మినె వచ్చి ఫిడేలుకు అవతలి పక్క నిలబడి, దాని మీదుగా మొగుడి చెయ్యి పట్టుకుంది. బల్ల కింద ఆగని ఆ కాళ్ళు పాట అయ్యేదాకా ఉన్నచోటే అడుగులు వేస్తూ ఉన్నాయి.

మరుసటి ఏడు నాట్యోత్సవం నాటి పొద్దున హెర్మినె ఆయనకు కాఫీ ఇవ్వలేదు, పలకరించలేదు, మధ్యాహ్నం దాకా ఎర్రదీపంలా కళ్ళెర్రజేసుకునే ఉంది. ఎందుకని ఈసారీ ఆయన అడగలేదు.