చెలిమికి కట్టిన ఫ్లెక్సీ

జయరాజ్‌కు పని చెబితే చేయడన్న అపవాదు లేదు. చెప్పిన పనితోపాటు చెప్పనివి నాలుగు చేసుకొస్తాడు. విజయరాణి బాధంతా ఆ నాలుగుతోనే. పెళ్లయిన నాటి నుంచీ ఆయన నోట "తప్పు నాది" అన్న మాట ఆమె విన్న పాపాన పోలేదు.

ఆ రెండో శనివారం పొద్దున ఆయనకు అప్పగించింది ఒక్కటే పని, మొయినాబాద్ వెళ్లి పాల ప్యాకెట్లు తేవడం. కూతురు దీవెన తన ఇంజనీరింగ్ కాలేజీలో 'చెలిమి' అనే ఆడపిల్లల సంఘానికి శాఖ, అంటే చాప్టర్, పెట్టించాలని ఏడాదిగా తిరుగుతోంది. కొత్తగా చేరిన పిల్లలకు అక్కల్లా అండగా ఉండే సంఘమది. చాప్టర్ ఊరికే ఇవ్వరు. పట్నంలోని పెద్ద సంఘం నుంచి శిరీష మేడం వచ్చి, పిల్లలు తమంతట తామే నడుపుకోగలరని నమ్మితేనే ఇస్తారు. లేదంటే మళ్లీ వచ్చే ఏడాదే, అప్పటికి దీవెన చదువే అయిపోతుంది. చాప్టర్ వచ్చేదాకా కాలేజీ హాలు ఇవ్వదు కనుక సమావేశం సురంగల్‌లో వీళ్లింటి దగ్గరే. చాపలు పరిచి, పిల్లలంతా చుట్టూ కూర్చుని మాట్లాడుకోవాలని ఏర్పాటు.

జయరాజ్ పాలు తెచ్చాడు. పాలతోపాటు గేటంత ఫ్లెక్సీ తెచ్చాడు.

"ఇదేందయ్యా?" అంది విజయరాణి.

"ఓపెనింగ్ అన్నంక ఫ్లెక్సీ లేకుంటె ఎట్ల? ఊర్ల ఇజ్జత్ ఉంటదా?"

నడుమ చేతులు జోడించిన జయరాజ్, చుట్టూ ఆయన దోస్తులు. ఆడపిల్లల సంఘం ఫ్లెక్సీలో వెతికినా ఆడపిల్ల లేదు.

"డాడీ, నా ఫొటో ఏది?" అంది దీవెన.

"నీది నిలువు ఫొటో బిడ్డా, అండ్ల పట్టలే."

ఫ్లెక్సీ కట్టాడో లేదో, పక్కింటి హన్మయ్య మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఏం జయన్నా, గేటుకు రంగేసేటప్పుడు యాదికొస్త, ఫ్లెక్సీల యాదికి రానా?"

ఆయన్ను బుజ్జగించడానికి రెండు మాటలు మాట్లాడమన్నాడు జయరాజ్. హన్మయ్య మైకు లేనిదే మాట్లాడడు. టెంటుహౌస్ పరమేష్‌కు ఫోన్ చేస్తే, ఉత్త మైకే పంపితే తన పేరేం కావాలని టెంటు, కుర్చీలు కూడా దింపాడు. సురంగల్‌లో కుర్చీ వేశాక ఖాళీగా ఉండదు. ఫ్లెక్సీలోని ముఖాలన్నీ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కొచ్చి ముందు వరుసలో కూర్చున్నాయి. కూర్చున్నవాళ్లకు చాయ్ ఇవ్వకపోతే బాగుండదని, చాపల మీద కూర్చోవలసిన పిల్లల్ని జయరాజ్ వంటింట్లోకి తోలాడు.

"నీకు దండం పెడ్త, వాళ్లను పంపియ్. మేడం వచ్చే యాళ్లయింది," అంది విజయరాణి.

"నువ్వు జర ఫికర్ చెయ్యకు. మందిని చూసి మేడం ఖుష్ అయితది."

శిరీష మేడం వచ్చేసరికి హన్మయ్య మైకులో తన చిన్ననాటి కబడ్డీ గెలుపులు చెబుతున్నాడు.

"చెలిమి మెంబర్లు ఎక్కడండీ?" అని ఆమె అడిగింది.

"లోపట చాయ్ పెడ్తున్నరు మేడం," అన్నాడు జయరాజ్ గర్వంగా.

మేడం ఫ్లెక్సీ చూసింది, కుర్చీలు చూసింది. "సారీ దీవెనా, ఇక్కడ నడుపుతున్నది మీరు కాదు," అని కారు వైపు నడిచింది. దీవెన చాయ్ పళ్లెంతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

విజయరాణి మొగుణ్ణి టెంటు మూలకు లాక్కెళ్లింది. హన్మయ్య ఊపిరి తీసుకోవడానికి మైకు పెట్టిన కుర్చీ అక్కడే ఉంది.

"నీ బిడ్డ మొహం జర చూడు."

జయరాజ్ చూశాడు.

"తప్పు నాదే, రాణీ," అన్నాడు మెల్లగా. "బిడ్డ పండుగల నేను పెండ్లికొడుకు లెక్క నిలవడ్డ."

మెల్లగా అన్న ఆ మాట పరమేష్ కట్టిన పెద్ద హారన్ల లోంచి ఊరంతా వినబడింది. కారు ఎక్కబోతున్న మేడం ఆగింది. దీవెన గబగబా వచ్చి పళ్లెం తండ్రి చేతిలో పెట్టి, మైకు అందుకుంది.

"కాకలందరు లేవుండ్రి. మా మెంబర్లు కూసుంటరు. చాయ్ మా డాడీ ఇస్తడు."

ముందు వరుసలోని కాకలు లేచి కుర్చీలు పిల్లలకిచ్చారు. మేడం వెనక్కి వచ్చి, పిల్లల మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నానికి దీవెన చున్నీకి చెలిమి బ్యాడ్జీ ఉంది, కాలేజీకి చాప్టర్ ఉంది.

"మైకు ఆన్ చేసే ఉన్నదని చెప్పొద్దా?" అన్నాడు జయరాజ్, గ్లాసులు కడుగుతూ.

"జర ఫికర్ చెయ్యకు. మంది ఖుష్ అయిన్రు," అంది విజయరాణి.

మైకు ఆపడం ఎలాగో ఆమెకు తెలియక కాదు.