ప్రార్థన అంశం: హదస్సా సైకిలు

ఆ రెండో శనివారం పొద్దున బోయిన్‌పల్లి ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపి సూపరింటెండెంటుగా రిటైరైన జ్ఞానశేఖర్ గారు, ఆయన భార్య ఎలీసబెతమ్మ, ఇంటరు చదవడానికి ఊరి నుంచి వచ్చిన ఆయన మేనకోడలు హదస్సా. హాల్లో సోఫా పక్కన స్టాండు వేసి ఉన్న బ్యాటరీ సైకిలును కూడా లెక్కేస్తే నలుగురు. లెక్కెయ్యాల్సిందే, ఆ వారమంతా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మాటలు పడింది అదే.

సైకిలు హదస్సా నాన్న కొనిచ్చి వెళ్లాడు. దానికి కారణం ఫిజిక్సు లెక్చరరు. తొమ్మిది కొట్టగానే ఆయన క్లాసు తలుపు వేసేస్తాడు. రెండు బస్సులు మారి వచ్చే హదస్సా ముఖం మీద ఆ తలుపు ఇప్పటికి పదకొండుసార్లు పడింది. ఇంకొక్కసారి పడితే హాజరు చాలదని, పరీక్షకు కూర్చోనివ్వబోమని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. అదే జరిగితే ఇంటికి వచ్చేయమని నాన్న చెప్పేశాడు. ఊళ్లో పదో తరగతి తర్వాత చదువు లేదు. కుట్టు మిషను ఉంది.

కాబట్టి ఆ పొద్దున ఆమె అనుకున్నది చాలా చిన్న పని. ఎనిమిదింటికి సైకిలు తీయడం, కాలేజీ గేటు దాకా తొక్కి ఎంతసేపు పడుతుందో చూసుకోవడం, తిరిగొచ్చి దోసెలు తినడం. సైకిలు గుమ్మం దాకా వెళ్లింది. గుమ్మంలో మామయ్య ఉన్నారు.

"ఎక్కడికి?"

"కాలేజీ దాకా మామయ్యా, ఊరికే..."

"దీనికి మోటారుందా, లేదా?"

"ఉందిగానీ మామయ్యా, దీనికి లైసెన్సు..."

"లేదు! నీకూ తెలుసు. మోటారున్న ప్రతిదానికీ లైసెన్సుండాలి. ముప్పై ఏళ్లుగా స్కూటర్ నడుపుతున్నా. ఏ రోజైనా లైసెన్సు లేకుండా గేటు దాటానా? చెప్పు ఎలీసబెతూ!"

"దాటలేదండీ," అంది ఆవిడ వంటింట్లోంచి. "ఒకసారి బనీను మీద వెళ్లారు గానీ, లైసెన్సు మాత్రం చేత్తో పట్టుకునే వెళ్లారు."

మిక్సీకి కూడా మోటారుంటుందని హదస్సాకు తోచింది. కానీ తోచిందల్లా పైకి అనే అలవాటు ఆమెకు లేదు.

"షాపువాడు వారంలోపు తెస్తే వాపసు తీసుకుంటానన్నాడు. ఇవాళే ఆఖరు. మధ్యాహ్నం ట్రాలీ ఆటో మాట్లాడి రాంగోపాల్‌పేట్ పంపించేస్తా," అని జ్ఞానశేఖర్ గారు పేపరు తీసుకున్నారు.

హదస్సా కళ్లల్లో నీళ్లు చూసి ఎలీసబెతమ్మ ఫోను తీసింది. చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశం పెట్టడానికి ఒక మర్యాద ఉంది. కష్టమేమిటో పూర్తిగా చెప్పకూడదు, చెబితే ఇంటి పరువు పోతుంది. అసలు చెప్పకుండా ఉండకూడదు, ఉంటే గర్వమంటారు. అందుకని ఆవిడ ఇలా రాసింది: "ప్రియ సహోదరీలారా, మా హదస్సా, బండి, లైసెన్సు, పోలీసులు విషయమై భారంతో ప్రార్థించండి. వివరాలు అడగవద్దు."

వివరాలు ఎవరూ అడగలేదు. ఎవరికి వాళ్లే సమకూర్చుకున్నారు.

బండీ పోలీసులూ ఉన్నారంటే ఎవరో కింద పడే ఉంటారని మొదటి సహోదరి అనుకుంది. పడినవాడు ముసలాయనే అయ్యుంటాడని, కుర్రవాడైతే తప్పుకునేవాడని రెండో సహోదరి గ్రహించింది. తొమ్మిదిన్నరకల్లా ఆయనకు తుంటి ఎముక విరిగింది. పదింటికి ఐసీయూలో చేర్చారు.

పక్క వీధి రోసమ్మ బ్రెడ్డూ అరటిపళ్లూ పట్టుకుని వచ్చి, వస్తూనే హదస్సా మోచేతులు తిప్పి చూసింది.

"నీకేం కాలే కదా బిడ్డా? దేవునికి స్తోత్రం. మరి ఆ ముసలాయనకెట్లుంది?"

"ఏ ముసలాయనండీ?"

"జూసినవా ఎలీసబెతూ, యాదికే లేదు! షాక్‌ల ఉంది పిల్ల. జెర చక్కెర నీళ్లియ్యి."

పదిన్నరకు గుమ్మం ముందు పద్దెనిమిది జతల చెప్పులున్నాయి. హదస్సా మధ్యలో తల వంచుకుని కూర్చుంది. ఆమె ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది. ఇవాళ మాత్రం అది పశ్చాత్తాపంలా కనిపించింది. ఒకే సంగతి అంతమంది చెబుతుంటే చివరికి ఎలీసబెతమ్మకే అనుమానం వచ్చింది.

"నేను పాలకెళ్లినప్పుడు గానీ బయటికి తీశావా తల్లీ?" అని చెవిలో అడిగింది.

"లేదత్తయ్యా. అసలు దీనికి లైసెన్సు..."

"లేదమ్మా, తెలుసు. ఏడవకు."

ఇక నోటితో అయ్యే పని కాదని హదస్సాకు అర్థమైంది. లోపలికి వెళ్లి, సైకిలుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉన్న రూలును కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మడిచి తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది. ఎలీసబెతమ్మ దాన్ని విప్పకుండానే కళ్లకద్దుకుని బైబిల్లో పెట్టేసింది.

"మనసులోని భారం రాసిచ్చావా నా తల్లీ! పాస్టరు గారొస్తున్నారు, ఆయన చదివి ప్రార్థిస్తారు."

పాస్టరు జెరెమియా గారు ఒక్కరే రాలేదు. కేసు పెద్దది కాకుండా చూడమని, క్రిస్మస్‌కు చర్చి ముందు ట్రాఫిక్ చూసే ఎస్సై విజయేందర్‌ను కూడా వెంటబెట్టుకొచ్చారు. అప్పటికే అందరూ మోకాళ్లూనడంతో ఎస్సై టోపీ తీసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

పాస్టరు గారు చీటీ అందుకున్నారు. ఒక కన్ను మూసి, రెండో కంటితో చదువుతూ షురూ చేశారు.

"ప్రభువా, నీ బిడ్డ తన హృదయాన్ని నీ ముందు కుమ్మరిస్తోంది. మోటారు రెండు వందల యాభై వాట్లు దాటకపోతే..."

"ఆమెన్!" అన్నారు సహోదరీలు.

"స్పీడు గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు మించకపోతే..."

"ఆమెన్!"

"ఆ బండి మోటారు వాహనం కిందికి రాదు తండ్రీ. దానికి లైసెన్సుగానీ, నంబరు ప్లేటుగానీ... అక్కర్లేదు..."

ఈసారి ఆమెన్ సగంలో ఆగిపోయింది. గుమ్మం దగ్గర్నుంచి, "కరెక్టే," అని వినిపించింది.

ఎస్సై లోపలికొచ్చి సైకిలు పక్కన గొంతుక్కూర్చుని మోటారు మీది అక్షరాలు చదివాడు. "రెండొందల యాభై వాట్లే. ఇరవై అయిదు కాంగనే మోటార్ బందయితది. పాస్టరు గారు రూల్ మస్తు చెప్పిండ్రు. దీనికి లైసెన్స్ అడిగేటోళ్లు ఎవ్వరు లేరు. హెల్మెట్ మాత్రం పెట్టుకో పాపా, రూల్ లేకున్నా తలకాయ నీదే కదా. సరే, దెబ్బ తాకిన ముసలాయన ఏ దవాఖానల ఉన్నడు?"

పాస్టరు గారు రోసమ్మ వైపు చూశారు. రోసమ్మ పక్కావిడ వైపు చూసింది. చూపు గది చుట్టూ తిరిగి ఎలీసబెతమ్మ దగ్గర ఆగింది. ఆవిడ ఫోను వైపు చూసింది.

"అసలు గీ బండి గేటు దాటిందా?"

"లేదు సార్. నేనే దాటనివ్వలేదు," అన్నారు జ్ఞానశేఖర్ గారు.

"గట్లయితే ఆ ముసలాయన సోఫా మీదకెల్లి పడ్డడా?"

పద్దెనిమిది మంది ఊపిరి పీల్చుకున్నారు. కొంచెం నిరాశ కూడా పడ్డారు. రోసమ్మ ఒక్కతే తేరుకుంది. "ప్రార్థన ఊకెనే పోతదా? ఐసీయూల ఉన్న మనిషి, అసలు లేకనే పాయె! గింత స్వస్థత నేనెన్నడు చూడలే."

తెచ్చిన బ్రెడ్డు తామే తినేసి అందరూ లేచారు. ఎస్సై గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఈ స్కూటర్ ఎవరిది? జర పక్కకు తియ్యుండ్రి, నా జీపు తిరుగుతలేదు."

"నాదే సార్," అని జ్ఞానశేఖర్ గారు ముందుకొచ్చి, ఎస్సై అడక్కుండానే జేబులోంచి లైసెన్సు తీసి చూపించారు. "అడగకపోయినా చూపించడమే పద్ధతి."

ఎస్సై మర్యాదకు చూసి తిరిగివ్వబోయాడు. మళ్లీ చూశాడు.

"సార్, ఇది అయిపోయి నాలుగేండ్లాయె."

"అదెట్లా? అయిదారేళ్లుగా ఒక్కరోజు కూడా జేబులోంచి తీయలేదే!"

"అందుకే సార్. తీసుంటే తారీఖు కనబడేది. ఇవాళ పాస్టరు గారి మొఖం జూసి వదుల్తున్న. బండి ఇంట్ల పెట్టుండ్రి. మళ్ల టెస్ట్ ఇచ్చినంకనే తీయుండ్రి."

స్కూటరును తోసుకొచ్చి హాల్లో, సోఫా పక్కన నిలబెట్టారు. ఆ చోటు అప్పుడే ఖాళీ అయింది. అక్కడుండే సైకిలు మీద హదస్సా కాలేజీ గేటు దాకా వెళ్లి వచ్చింది. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. సోమవారం ఎనిమిదిన్నరకు బయల్దేరినా ఫిజిక్సు లెక్చరరు కంటే ముందే క్లాసులో ఉండొచ్చు.

మూడున్నరకు జ్ఞానశేఖర్ గారు చొక్కా వేసుకుని, గది గుమ్మంలో నిలబడి స్కూటరు వైపు చూస్తున్నారు. నాలుగింటికి రెజిమెంటల్ బజార్‌లో చర్చి కమిటీ మీటింగుంది. హదస్సా ఆయన దగ్గరికి వెళ్లి, సైకిలు తాళం చాపింది.

"మామయ్యా, మీరిది తీసుకెళ్లండి. దీనికి లైసెన్సు అక్కర్లేదు."

ఆ రోజు ఆ మాటను ఆమె చివరిదాకా అనగలగడం అదే మొదటిసారి. మామయ్య తాళం వైపు చూశారు, ఆమె వైపు చూశారు. లోపలికి వెళ్లి ఆమె ముఖం మీదే తలుపు వేసుకున్నారు. కాసేపటికి లోపలి నుంచి సన్నగా ప్రార్థన వినిపించింది.

ఆ అంశాన్ని మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టలేదు.