కారుకి తెచ్చిపెట్టిన జబ్బు

ఆ వీధిలో ఆయన్ని అందరూ కారు బాబాయి అంటారు. అసలు పేరు ఆయన పనిచేసే నీళ్ల ఆఫీసులో ఎక్కడో రాసి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఎవర్నో అనుకుని ఆయనే పక్కకి తప్పుకుంటాడు.

కారు పెళ్లికి ముందునాటిది. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదని ఆయన చెబుతాడు, ఆధారాలు మాత్రం లేవు. దాని తలుపు తీయడానికి ఒక కిటుకు, వేయడానికి ఇంకో కిటుకు. అద్దం దించాలంటే ఒక చేత్తో తిప్పుతూ నోటితో బతిమాలాలి. పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుస్తూ "ఏరా బంగారం, నిద్ర పట్టిందా?" అని పలకరిస్తాడు. కట్టుకున్న భార్యని మాత్రం "ఏమోయ్" అంటాడు.

ఆ "ఏమోయ్"ని వీధంతా టైలరమ్మ అంటుంది. మేడమీద గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని కూర్చుంటుంది. మెడలో టేపు లేకుండా ఆవిణ్ని చూసినవాళ్లు తక్కువ. ఈమధ్య ఆవిడకి పెద్ద పనే తగిలింది. నాటకశాలకి కొత్త తెరలు కుట్టాలి. ఆ గుడ్డ తాన్లు తేవాలి, కుట్టిన తెరలు మోయాలి. ఆ మూటలు చూస్తే చాలు, ఆటోవాళ్లు ముఖం తిప్పుకుని పోతున్నారు.

అందుకే ఒక శనివారం భోజనాల దగ్గర మెల్లిగా అంది.

"ఏమండీ, నాకు కారు నేర్పండి."

కారు బాబాయికి పొలమారింది. నీళ్లు తాగి, తేరుకుని, "అది నా చేతికి అలవాటు పడ్డ బండోయ్. ఇంకొకళ్లకి లొంగదు" అన్నాడు.

"ఇన్నేళ్లు మీకు అలవాటు పడ్డదాన్ని, కారుకి అలవాటు పడలేనా?"

"సరే, రేపు పొద్దున్నే" అనేశాడు. అన్నాడే గానీ మనసొప్పుకోలేదు. ఆఫీసులో ఆయన మాట వినేవాళ్లు లేరు. ఇంట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఈ లోకం మొత్తంలో ఆయన ఎటు తిప్పితే అటు తిరిగేది ఆ స్టీరింగు ఒక్కటే. అదీ పోతే ఇక తనకి మిగిలేదేమిటి?

తెల్లవారగానే పిల్లిలా బయటికొచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, బానెట్ ఎత్తాడు. లోపల పెట్రోలుకి నిప్పు పెట్టే నాలుగు ప్లగ్గులు, ఒక్కోదానికి ఒక్కో వైరు. "ఏమనుకోకురా బంగారం, నీ మంచికే" అని గొణిగి, ఒక వైరు కొంచెం పైకి లాగి వదిలేశాడు. చూస్తే తగిలించినట్టే ఉంటుంది, లోపల తగలదు.

టైలరమ్మ వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీట్లోంచి ఆయనే చెయ్యి చాపి తాళం తిప్పాడు. కారు చలిజ్వరం వచ్చిన మనిషిలా గడగడా వణికింది.

"అయ్యయ్యో!" అన్నాడు, ముందే సిద్ధం చేసి పెట్టుకున్న ముఖంతో. "మిస్సింగ్ కొడుతోందోయ్. నాలుగింట్లో ఒకటి మండటం లేదు. ముసలి ప్రాణం కదా, కొత్త చెయ్యి పడేసరికి తట్టుకోలేకపోతోంది."

"నేనింకా చెయ్యి వెయ్యలేదుగా!"

"వేస్తావని దానికి తెలిసిపోయింది."

టైలరమ్మ ఆయన్నొకసారి, కారునొకసారి చూసింది. "పాపం" అని దిగి, మేడ మీదికి వెళ్లిపోయింది. ఇంత సులువుగా తేలిపోతుందని కారు బాబాయి కలలో కూడా అనుకోలేదు. ఆ పూట ఈల వేస్తూ స్నానం చేశాడు.

ఈల సాయంత్రం దాకానే. బజారు నుంచి వచ్చేసరికి కారు చుట్టూ ఎవరో భారీ మనిషి తిరుగుతున్నాడు. తలుపు మీద వేలితో కొట్టి చెవి ఒగ్గుతున్నాడు. బంపరు పట్టుకుని బరువు చూస్తున్నాడు. ఆయన వెళ్లిపోయాక కారు బాబాయి ఒక్క అంగలో మేడెక్కాడు.

"ఎవరోయ్ ఆయన?"

"పాత ఇనుము కొనే కొట్టాయన," అంది టైలరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. "ముసలి ప్రాణం అన్నారుగా. దాన్ని పట్టుకుని బాధపెట్టడం దేనికి? రేపు సాయంత్రం వచ్చి కారు పట్టుకుపోతానన్నాడు."

"పట్టుకుపోయి?"

"ముక్కలు చేస్తాడు కాబోలు. ఇనుము కొట్టాయన ముద్దులాడతాడా?"

"ఏమోయ్, అది చిన్న జబ్బే! నేను బాగుచేస్తాను!"

"మీరా?" అని టైలరమ్మ దారం కొస కొరికింది. "సరే. రేపు సాయంత్రం లోపల నాలుగూ మండితే ఉంటుంది. లేకపోతే సాగనంపుదాం."

కారు బాబాయి బయటికి దిగాలు ముఖం పెట్టాడు గానీ, లోపల ఊపిరి పీల్చుకున్నాడు. వైరు తన వేళ్లతోనే లాగాడు, తన వేళ్లతోనే నొక్కితే సరి. రోగమూ తనదే, మందూ తనదే.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాడు. వైరు నొక్కి ఊరుకుంటే కథ అక్కడితో కంచికి చేరేది. కానీ మొగుడన్నాక పనితనం పెళ్లాం కంట పడొద్దూ! కాబట్టి వాకిట్లో దుప్పటి పరిచాడు. ఇంట్లో ఉన్న స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, పనికొచ్చేవీ రానివీ వరసగా పేర్చాడు. నాలుగు వైర్లూ పూర్తిగా ఊడదీసి, దుప్పటి మీద పడుకోబెట్టి, పసిపిల్లల కాళ్లు తుడిచినట్టు తుడిచాడు. టైలరమ్మ టీ తెచ్చింది. "ఇది గుండె ఆపరేషన్‌తో సమానం తెలుసా?" అని ఆవిడ ముఖంలోకి చూస్తూ, చేతికొచ్చినట్టు వైర్లన్నీ తగిలించేశాడు.

"ఇక చూడు!" అని తాళం తిప్పాడు.

ఢాం!

పక్కింటి మామ్మగారు గోడ అవతల "హమ్మో, ఎవర్రా!" అని అరిచింది. తీగ మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. కారు నిన్నటికి రెట్టింపు వణుకుతూ, మధ్య మధ్య ఠప్పు ఠప్పుమని తుమ్ముతూ, చివరికి ఆగిపోయింది.

"ఆపరేషన్ అయిపోయిందా?" అంది టైలరమ్మ, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

ఇప్పుడు వచ్చింది అసలు జబ్బు. కారు బాబాయి వైర్లు నొక్కాడు. ప్లగ్గులు విప్పి గీకాడు. పెట్రోలు గొట్టం నోట పెట్టుకుని ఊదాడు, అది ఎదురు ఊదింది. ఏం చేసినా అదే వణుకు, అదే తుమ్ము. ఇక లాభం లేదని మెకానిక్‌కి ఫోన్ చేశాడు. ఆ మెకానిక్‌ని ఊళ్లోవాళ్లు రేపు మేస్త్రి అంటారు.

"రేపు చూద్దాం సార్."

"రేపటికి బండి ఉండదయ్యా!"

"అయితే ఇక కంగారేముంది సార్?" అని రేపు మేస్త్రి ఫోన్ పెట్టేశాడు.

పొద్దు వాలింది. కారు బాబాయి మెట్టు మీద కూలబడ్డాడు. ముఖం నిండా మసి, చొక్కా నిండా నూనె. ఇంకాసేపట్లో ఇనుము కొట్టాయన వస్తాడు. దిక్కుమాలిన ఆలోచన తనదే, ఆ పాపం మోసేది మాత్రం నోరులేని బండి. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. మసి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

టైలరమ్మ మేడ దిగి వచ్చింది. మెడలో టేపు, చేతిలో నీళ్ల గిన్నె.

"ముఖం కడుక్కోవడానికా?" అన్నాడు దీనంగా.

"ఇంజనుకి. లేవండి."

"నీకేం తెలుసోయ్ ఇంజను గురించి?"

"పెళ్లయిన కొత్తలో సినిమాకని తీసుకెళ్లి, దారి పొడుగునా ఇంజను గురించే చెప్పలేదూ? లోపల నాలుగు చోట్ల మంట మండుతుందనీ, ఆ పొగ ఈ నాలుగు ఇనుప గొట్టాల్లోంచి బయటికి పోతుందనీ. నేనేమో సినిమా కథే మర్చిపోయాను, ఇది గుర్తుండిపోయింది. ఇంజను చల్లారిందిగా, స్టార్ట్ చెయ్యండి."

చేశాడు. కారు వణకడం మొదలెట్టింది. ఆవిడ కాసేపు ఆగి, "పెనం కాలిందో లేదో ఎలా చూస్తారు?" అంది.

"నేనెప్పుడు చూశానోయ్?"

"అదీ నిజమే," అంటూ గిన్నెలో వేళ్లు ముంచి, మొదటి గొట్టం మీద చిలకరించింది. చుయ్‌మని నీళ్లు ఎగిరిపోయాయి. రెండో గొట్టం మీద చిలకరించింది. నీళ్లు తీరిగ్గా జారి కింద పడ్డాయి. మూడోదీ అంతే. నాలుగోది మళ్లీ చుయ్‌మంది.

"మధ్యవి రెండూ మండటం లేదు," అంది టైలరమ్మ.

కారు బాబాయి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ ఇంజను సంగతంతా ఎరిగినవాడిలా దాని పొట్టంతా కెలికాడు గానీ, ఎక్కడ నొప్పి అని దాన్ని అడగాలని తోచలేదు. ఈ మనిషి గుప్పెడు నీళ్లతో అడిగింది, అది చెప్పేసింది! ఇంత వింత ఆయన తన జన్మలో చూడలేదు. గుడిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు ఆపేసి, ఈ వైర్లు చూడండి. రెండోదానికి పోయేది తెగిపోతుందేమో అన్నట్టు బిగుసుకుంది. మూడోదానిదేమో ఇంత వదులుగా వేలాడుతోంది. పొట్టాయన చొక్కా పొడుగాయనకి తొడిగితే చంకలో ఇలాగే పట్టేస్తుంది. ఇవి ఒకదాని చొక్కా ఒకటి వేసుకున్నాయి. మార్చండి."

మార్చాడు. తాళం తిప్పాడు.

వణుకు లేదు, తుమ్ము లేదు. పాత ఇంజను నాలుగు గొంతులూ కలిపి హాయిగా, సన్నగా పలికింది. పక్కింటి మామ్మగారు గోడ మీంచి తొంగి చూసి, "కొత్తది కొన్నారా?" అంది.

"నువ్వు మనిషివి కాదోయ్!" అన్నాడు కారు బాబాయి.

"నిన్న ఒక్కటే ఆరింది. ఇవాళ రెండు ఆర్పారు. పనితనం పెరుగుతోంది మీకు."

"నిన్న... అంటే..."

"బానెట్ ఎత్తేముందు అటూ చూశారు, ఇటూ చూశారు. పైకి మాత్రం చూడలేదు."

కారు బాబాయి అప్పుడు చూశాడు పైకి. మిషను పక్కన కిటికీ బార్లా తెరిచి ఉంది.

అంతలో గేటు దగ్గర ఇనుము కొట్టాయన కనబడ్డాడు. కారు బాబాయి రెండు చేతులూ చాపి కారుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇవ్వను! బాగైపోయింది!"

"ఏది బాబూ?" అని ఆయన బిత్తరపోయాడు. "నేను ప్యాంట్ల కోసం వచ్చాను. అయ్యాయా అమ్మా?"

"మరి నిన్న నా కారుని ఎందుకు కొట్టి చూశావయ్యా?"

"ఇనుము కనబడితే నా చెయ్యి ఊరుకోదండీ, ఏమీ అనుకోకండి."

ప్యాంట్లు పుచ్చుకుని ఆయన వెళ్లిపోయాడు. టైలరమ్మ భర్త వైపు తిరిగి, "మీరో అబద్ధం ఆడారు, నేనో అబద్ధం ఆడాను. చెల్లుకు చెల్లు," అంది. "ఆ తెరల మూటలు వెనక సీట్లో పెట్టండి."

ఆయన ఒక్కొక్కటే మోశాడు. మోసి వచ్చేసరికి ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"ఆగాగు! గేటు సందు చిన్నది! నాకే రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ..."

ఆయన పక్క సీట్లో పడీ పడకముందే కారు వెనక్కి కదిలింది. అటు గోడ తగల్లేదు, ఇటు స్తంభం తగల్లేదు. కత్తెర గుడ్డలో పోయినట్టు ఒక్క ఊపులో రోడ్డు మీదికి వచ్చి నిలిచింది. ఆయన గేటుని చూశాడు, భార్యని చూశాడు, మళ్లీ గేటుని చూశాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"వేసవిలో. డ్రైవింగ్ స్కూలు మాస్టారి యూనిఫారాలు కుట్టేది నేనేగా. ఆయనే నేర్పాడు."

"మరి నన్నెందుకు నేర్పమన్నావు?"

టైలరమ్మ అద్దంలో కనబడిన సైకిలుకి దారిచ్చి, అది దాటిపోయేదాకా చూసింది.

"మీరు పక్కన కూర్చుని నేర్పితే బాగుంటుందనిపించింది. అంతే."

కారు బాబాయికి తల ఎత్తబుద్ధి కాలేదు. మసి పట్టిన వేళ్లు చొక్కాకి తుడుచుకున్నాడు. చొక్కా అంతకంటే మసిగా ఉండటంతో అవి మరింత నల్లబడ్డాయి.

"ఇప్పుడు నేర్పనా?" అన్నాడు చిన్నగా.

"వచ్చుగా నాకు."

"వచ్చినా సరే."

"అయితే రాదనుకుని చెప్పండి."

కారు బాబాయి సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో... ఎడం కాలి కింద ఉండేది క్లచ్చి" అన్నాడు.

"అలాగాండీ!" అంటూ టైలరమ్మ, ఆయన మాట పూర్తయ్యేలోపే గేరు మార్చి, కారుని ముందుకు పోనిచ్చింది.