ఎడమ పక్కన ఎవరూ లేరు

ఆ రోజు పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చిన్నది. కింద ఉన్న కళ్ళజోళ్ళ షాపు తెరిచేలోపు డాబా మీద కాసేపు నడవాలి, దిగి స్నానం చేయాలి, తాళం తీయాలి. భార్య పోయాక ఆయన రోజులన్నీ ఇలా చిన్న చిన్న ముక్కలుగానే గడుస్తున్నాయి. పెద్ద ముక్కలు మింగుడుపడటం లేదు.

ఆ నడక ఒంటి ఆరోగ్యం కోసం కాదు. ఆయన భార్య ఒక కుక్కని పెంచింది. పేరుకే పిడుగు. కూర్చోమంటే కూర్చునేది, లెమ్మనేదాకా ఇల్లు కూలినా లేచేది కాదు. అలా మాట వినే కుక్కలకి పోటీలుంటాయి. మైదానంలో వరసగా బోర్డులు పెడతారు. ఒకదాని మీద ఆగి కుక్కని కూర్చోబెట్టమని, ఇంకోదాని మీద నెమ్మదిగా నడవమని, మరోదాని మీద కుక్కని తన చుట్టూ తిప్పుకోమని రాసి ఉంటుంది. మనిషి బోర్డులు చదువుకుంటూ నడవాలి. కుక్క పట్టీ లేకుండా ఆ మనిషి ఎడమ మోకాలిని అంటిపెట్టుకుని రావాలి. దారి పొడుగునా దానితో మాట్లాడవచ్చు, మెచ్చుకోవచ్చు, బతిమాలుకోవచ్చు. ముట్టుకోకూడదు. రాబోయే ఆదివారం పోటీకి భార్య పిడుగు పేరు ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆసుపత్రిలోనే ఆవిడ కుక్కల కోచ్ మేడంతో ఒక మాట చెప్పి ఉంచింది. "మా ఆయనకి కుక్కంటే గిట్టదు. నా తర్వాత మీరు తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళడానికి కోచ్ మేడం వచ్చిన రోజున ఈయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆ కుక్కని దాటుకుని వెళ్ళడమే తప్ప దానితో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు.

"సరే," అంది కోచ్ మేడం. "ఆదివారం పోటీకి మీరే తీసుకురండి. మీతో కలిసి పాసయితే మీ దగ్గరే ఉంటుంది. తప్పితే నా జీపెక్కుతుంది."

"ఈలోపు దానికి నేనేం నేర్పాలండీ?"

"దానికి మీరు నేర్పడమా! దానికి అన్నీ వచ్చు. రానిది మీకు. వచ్చేదాకా దాని జోలికెళ్ళి పాడుచేయకండి. పక్కన ఉందనుకుని ఒక్కరే నడవండి. మాటలు మాత్రం పైకి అనాలి. ఆవిడ ఎలా అనేదో అచ్చం అలాగే."

ఆవిడ ఎలా అనేదో ఆయనకి కంఠతా వచ్చు. ఏళ్ళ తరబడి డాబా మీంచి వినబడుతుంటే కింద కిటికీ మూసుకున్నది ఆయనే. అందుకే ఆ పొద్దున డాబా మీద, ఎడమ పక్కకి కాస్త వంగి, లేని నవ్వు తెచ్చుకుని మొదలుపెట్టాడు.

"రా బంగారం. నా పక్కనే ఉండు. అబ్బ, ఎంత చక్కగా నడుస్తున్నావే! నెమ్మదిగా... ఆఁ, అదీ. ఇక్కడ కూర్చో, మా తల్లి కదూ. ఇప్పుడు నా చుట్టూ ఒక్కసారి తిరిగి రా."

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కుక్కని చూస్తే మొహం చిట్లించే మనిషి కుక్క కోసం నడకలు నేర్చుకుంటున్నాడంటే నవ్వుతారు. నవ్వే మొహాలు చూసే ఓపిక ఆయనకి లేదు.

ఎదురింటి డాబా మీద లాండ్రీ ఆవిడ దుప్పట్లు ఆరేస్తోంది. పిట్టగోడ అడ్డం కాబట్టి ఆవిడకి ఆయన ఛాతీ నుంచి పైకే కనబడుతున్నాడు. ముందు కుక్కతో మాట్లాడుతున్నాడనుకుంది. తీరా కిందికి చూస్తే పిడుగు షాపు మెట్టు మీద, ముందు కాళ్ళ మధ్య మూతి పెట్టుకుని పడుకుని ఉంది. బతికుండగా ఆయన భార్యని బంగారం అనడం ఆ వీధిలో ఎవరూ వినలేదు. లాండ్రీ ఆవిడ ఎవరిదో తడి దుప్పటితో కళ్ళు తుడుచుకుని, ఆయన అక్కకి ఫోన్ చేసింది.

"అక్కగారూ, మీరు వెంటనే బయల్దేరాలి. అన్నయ్యగారు వదినగారితో మాట్లాడుతున్నారు."

"ఏ వదినతోనమ్మా?"

"ఉన్నది ఒక్క వదినేగా... ఉండటమేమిటి నా మొహం, పోయింది కదండీ!"

మధ్యాహ్నానికల్లా అక్క సంచీతో సహా దిగింది. వెంట ఆయన బావమరిది, అంటే పోయినావిడ తమ్ముడు. దారిలో డాక్టరుగారిని కూడా కలిసి వచ్చారు. ఆయన ఈ ఇంటికి పాత డాక్టరు, ఈ షాపుకి పాత ఖాతాదారు. "ఎదురు చెప్పకండి," అన్నాడాయన. "కాదంటే ముదురుతుంది. ఉందని ఆయన అనుకుంటే మీరూ ఉందనే అనుకోండి. మెల్లిగా నేను చూస్తాను."

ఇదంతా కళ్ళజోళ్ళాయనకి తెలియదు. అక్క చూడటానికి వచ్చిందనుకున్నాడు. భోజనానికి కూర్చున్నాక చూస్తే ఆయన ఎడమ పక్కన ఇంకో కంచం ఉంది. అక్క అందులో వడ్డించింది కూడా.

"ఏమ్మాయ్, ఇంకొంచెం పెట్టనా?" అని అక్క ఖాళీ కుర్చీని అడిగింది. అడిగి, తమ్ముడి మొహంలోకి చూసింది. బావమరిది కూడా చూశాడు.

కళ్ళజోళ్ళాయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. అక్కకి మరదలంటే ప్రాణం. పైకి గట్టిగా కనబడింది గాని, లోపల ఎక్కడో తెగిపోయింది, పాపం. ఇప్పుడు కాదంటే ఈ మనిషి ఏమైపోతుంది?

"చాలంటుందిలే అక్కా," అన్నాడు.

అక్కకి మిగిలిన ఆ కాస్త ఆశా పోయింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని, అక్కకి మతి చలించిందని కళ్ళజోళ్ళాయనకీ ఖాయమైపోయింది.

సాయంత్రం షాపులో బావమరిది అలవాటు కొద్దీ ఎడమ పక్క స్టూలు మీద కూలబడ్డాడు.

"లే, లే! చూసుకుని కూర్చోవద్దట్రా?" అని అక్క కసిరింది.

బావమరిది తేలు కుట్టినట్టు ఎగిరి నిలబడ్డాడు. "సారీ అక్కా, చూడలేదు," అన్నాడు స్టూలుతో.

అద్దాలు తుడుస్తున్న కళ్ళజోళ్ళాయన చేయి ఆగిపోయింది. ఇద్దరికీనా! మర్నాడు డాక్టరుగారు చూపు పరీక్ష చేయించుకునే మిషతో వస్తే, ఆయన ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇది స్పష్టంగా ఉందా, ఇదా? డాక్టరుగారూ, మా అక్క సంగతి ఏమీ బాగాలేదండీ. నా పక్కన మా ఆవిడ ఉన్నట్టు కంచం పెడుతోంది."

"మొదటిదే బాగుంది. అలా పెడుతున్నట్టు మీకు అనిపిస్తోందా?"

"అనిపించడమేమిటండీ? పెడుతోంది, వడ్డిస్తోంది, తినలేదని బతిమాలుతోంది. మా బావమరిది అయితే స్టూలుకి సారీ చెప్పాడు."

రోగులు తమ జబ్బుని ఎదుటివాళ్ళకి అంటగడతారని డాక్టరుగారు ఎప్పుడో చదువుకున్నాడు. ఆ ఫ్రేములోంచి ఆయన కళ్ళు కోడిగుడ్లంత కనబడుతున్నాయి. "కాదనకండి," అన్నాడు జాలిగా. "వాళ్ళతో పాటు మీరూ ఉందనే అనుకోండి."

అలా ఆ ఇంట్లో, ఉందని ఎవరూ నమ్మని మనిషికి అందరూ మర్యాదలు చేయసాగారు. గుమ్మం దగ్గర ఆవిడ కోసం ఆగి దారి ఇచ్చేవారు. ఆవిడకి వెలుతురు పడదని కిటికీ తెర లాగేవారు. లాండ్రీ ఆవిడ ఆయన చొక్కాలతో పాటు భార్య శాలువా ఒకటి ఉతికి మడత పెట్టి పంపింది, "వదినగారికి చలేస్తుందేమో" అని. ఆయన దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి ఆ ఖాళీ కుర్చీ వీపు మీద వేశాడు. అక్క కోసమే వేశాననుకున్నాడు. ఒక పూట భోజనానికి కూర్చుంటూ తన కుర్చీని కాస్త కుడికి జరుపుకున్నాడు. అది ఎవరి కోసం జరిపాడో ఆలోచించలేదు.

శనివారం సాయంత్రం కోచ్ మేడం మనిషి వచ్చి, మైదానం అలవాటు కావాలని పిడుగుని ముందే తీసుకెళ్ళాడు. ఆ సమయంలో అక్క బజారుకి వెళ్ళింది.

"కుక్కేదిరా?" అంది వచ్చాక.

"పంపించేశాను."

"ఎక్కడికి?"

"రేపు నీకే తెలుస్తుందిలే."

ఆదివారం తెల్లవారుతుండగా ఆయన నున్నగా గెడ్డం గీసుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, షాపు తాళాలు అక్క చేతిలో పెట్టాడు. "ఆలస్యమైతే కంగారు పడకు," అని ఆటో కోసం వీధి చివరికి నడిచాడు.

"కుక్కని వదిలించుకున్నాడు, తాళాలు అప్పగించాడు, గెడ్డం కూడా గీసుకున్నాడు," అని అక్క ఫోన్లో గొల్లుమంది. "ఇంకేం మిగిలింది డాక్టరుగారూ!"

ఆయనకి ఆటో దొరికేలోపు డాక్టరుగారు పరుగున వచ్చాడు, లాండ్రీ ఆవిడ వ్యాన్ తీసింది. అక్క, బావమరిది, డాక్టరుగారు వెనక మాసిన బట్టల మూటల మీద కూర్చున్నారు. ముందు ఆయన ఎక్కి వెళుతున్న ఆటోని వదలకుండా ఊరి చివర మైదానం దాకా వచ్చేశారు. తాడు కట్టిన గేటు దగ్గర దిగి చూస్తే, మంచులో ఆయన ఎడమ పక్కకి వంగి నడుస్తున్నాడు. "పక్కనే ఉండు బంగారం," అంటున్నాడు.

అదేమీ కొత్త కాదు. ఆయన వెనకే ఒక లావుపాటి బేకరీ ఆయన, ఆ వెనక ఒక బ్యాంకు ఉద్యోగిని, ఇంకా ఎవరెవరో అదే దారిన, అదే నడకన వస్తున్నారు. అందరూ ఎడమ పక్కకి వంగి ఉన్నారు. అందరూ గాలితో ముద్దుముద్దుగా మాట్లాడుతున్నారు.

డాక్టరుగారు తన కొత్త కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"డాక్టరుగారూ," అంది అక్క నీరసంగా, "ఇంతమందికి కంచాలు పెట్టడం నావల్ల కాదండీ."

బావమరిది ధైర్యం చేసి తాడు కింద నుంచి దూరి, బేకరీ ఆయనకి ఎదురెళ్ళాడు. "మీకు ఎవరు పోయారండీ?"

"పోవడమేమిటి! ముందు అటు జరగండి, మావాడి తోక మీద నిలబడ్డారు."

"అయ్యో, సారీ అండీ," అంటూ బావమరిది ఎగిరి పక్కకి దూకాడు. వారం రోజుల అలవాటు మరి.

ఈల మోగింది. కోచ్ మేడం పెద్ద పెద్ద అంగలతో వచ్చింది. "ఎవరు మీరంతా? కుక్కల్ని దింపే ముందు మనుషులు ఉత్తినే నడిచి దారి చూసుకునే సమయమిది. తాడు అవతలికి పదండి!"

కళ్ళజోళ్ళాయన అప్పుడు తలెత్తి చూశాడు. అక్క తాడు దాకా వచ్చింది.

"అయితే డాబా మీద నువ్వు మాట్లాడింది?"

"పిడుగుతో. అంటే, పిడుగు ఉందనుకుని."

"మరి కంచం?"

"కంచం పెట్టింది నువ్వు కదక్కా!"

"నీకోసం పెట్టాన్రా!"

"నీకోసమే నేను ఊరుకున్నాను!"

ఇద్దరూ కలిసి డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారు మంచు వైపు చూశాడు.

ఇక నవ్వుకుని ఇంటికి పోవలసిందే, కానీ ఆయన వంతు వచ్చింది. పిడుగు వచ్చి ఎడమ మోకాలి పక్కన నిలబడింది. గాలితో అంత ధారాళంగా మాట్లాడిన మనిషికి, నిజంగా కుక్క ఉండి, తాడు అవతల అయినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటుంటే, మాటలు తడబడ్డాయి. రెండు బోర్డులు ఎలాగో దాటాడు. మూడోదాని దగ్గర కూర్చోబెట్టాడు. పిడుగు కూర్చుంది. లెమ్మనాలి. మాట రాలేదు. పిడుగు మొహమెత్తి చూస్తోంది. అవతల కోచ్ మేడం జీపు వెనక తలుపు తెరిచే ఉంది. బయటి నుంచి ఎవరు మాట సాయం చేసినా పోటీ పోయినట్టేనని ముందే హెచ్చరించారు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన పెదవులు కదిలాయి. వచ్చినవి నేర్చుకున్న మాటలు కావు.

"నాకు చేతకావడం లేదే," అన్నాడు ఎడమ పక్కకి. "అన్నీ నువ్వే చూసుకున్నావు. ఇప్పుడు నన్నొక్కణ్ణే నడవమంటే ఎలా నడవను? కాస్త పక్కన రా. ఆ చివరి దాకా వస్తే చాలు."

అలాంటి ఆజ్ఞ ఏ శిక్షణలోనూ లేదు. పిడుగు లేచి, మోకాలిని అంటిపెట్టుకుని నడిచింది. ఆయన ఇక ఆపలేదు. వంటింటి కుళాయి కారుతోందన్నాడు, దుప్పట్లు ఎక్కడ పెట్టావో దొరకలేదన్నాడు, రాత్రిళ్ళు ఇల్లు మరీ పెద్దదైపోయిందన్నాడు. మధ్యలో ఒక బోర్డు దగ్గర కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగాడు. కళ్ళు మసకేసి ఇంకోదాన్ని చదవనే లేదు. చివరి గీత దాటాక కూడా మాట్లాడుతూ కొంత దూరం వెళ్ళిపోయాడు.

తాడు దగ్గర అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వదినగారితోనేనని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అంది లాండ్రీ ఆవిడ, మెల్లిగా. డాక్టరుగారు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు.

మార్కుల కాగితం పట్టుకుని కోచ్ మేడం వచ్చింది. "గట్టెక్కారు. అంచు పట్టుకుని గట్టెక్కారు. దాని వైపు తప్పు ఒక్కటీ లేదు. పోయినవన్నీ మీవే."

"అయితే దీన్ని నా దగ్గర ఉంచుతున్నట్టేనాండీ?"

కోచ్ మేడం జీపు వెనక తలుపు మూసింది.

"మిమ్మల్ని దాని దగ్గర ఉంచుతున్నాను," అంది.