మొగలిలంకలో పిల్లల్లేరండీ

ఆ ఉదయం అచ్చాయమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పాకుండలు వండాలి, అరుగు కడగాలి, యూనివర్సిటీ బాబు వస్తే అరుగుమీద కూర్చోబెట్టి కాసేపు కబుర్లు చెప్పించుకోవాలి. అంతే. అవి స్వరాజ్యం వచ్చిన కొత్తలు. పిల్లల చదువుల గురించి అడగడానికి ఒక బాబు ఇంటింటికీ వస్తాడని ముందురోజు మొగలిలంకలో తప్పెట కొట్టి చెప్పారు. ఇంటింటికీ అన్నమాట చెవిని పడగానే అచ్చాయమ్మ లేచి వెళ్లి బియ్యం నానబోసింది. తక్కిన తప్పెట ఆమె వినలేదు.

వినకపోతే ఆమె తప్పా? పిల్లలు కలగలేదు, భర్త పోయాడు, కాలవగట్టున అంత పెద్ద పెంకుటింట్లో ఒక్కత్తీ ఉంటుంది. కొబ్బరితోట ఉంది, పాడి ఉంది, తిండికి లోటు లేదు. మాటకే లోటు. గేదెతో ఎంత మాట్లాడినా అది ఒక్కనాడూ "అలాగా, తరవాతేమైందీ?" అని అడగలేదు. ఊళ్లో అందరికీ ఆమె అంటే గౌరవం. గౌరవంగా నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్లిపోతారు. ఈ గౌరవం పాడుగాను, ఎవరైనా వచ్చి ఓ పూట దెబ్బలాడినా బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించేది.

పక్కింటి గంగాదేవి దడిమీంచి తొంగిచూసింది. "ఎవరికండీ పిన్నిగారూ ఇన్ని పాకుండలు?"

"ఆ బాబొస్తున్నాడు కదమ్మా. వట్టి నోటితో పంపుతామా?"

"అయ్యో, మీ ఇంటికి రారండీ ఆయన. పిల్లలున్న ఇళ్లకేనంట. మునసబుగారు దగ్గరుండి తిప్పుతారంట."

గంగాదేవి చెడ్డమనిషేం కాదు. ఉన్నమాట చెప్పి తన పనిలో పడింది. అచ్చాయమ్మ "ఆయ్" అంది. పిండి కలిపేశాక మూకుడు దించి ఏం చేస్తుంది? అన్నీ వండి జల్లెడలో పోసి, వాటికి ఎదురుగా కూర్చుంది. బాధపడిందా అంటే పడింది.

ఆ బాబు పేరు సూర్యప్రకాశరావు. కోనసీమ పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు, బడికి క్షేమంగా వెళ్లివస్తున్నారా, అక్కడ అందరితో కలిసి కూర్చుంటున్నారా అని పరిశోధన చేస్తున్నాడు. దానికి మొగలిలంకను మించిన ఊరు దొరకదు. బడి కాలవ అవతల పక్కూళ్లో ఉంది. కాలవమీద వంతెన అంటే ఒక తాటిదుంగ. వానాకాలం దానిమీంచి పెద్దవాళ్లే జారి పడేవారు. అందుచేత మొగలిలంక పిల్లలు చదువు జోలికి పోకుండా క్షేమంగా ఉండేవారు. అంటరానివాళ్లని ఊరవతల ఉంచిన పేటలో ఎర్రయ్య లాంటివాళ్ల పిల్లలైతే ఆ దుంగ దాటగలిగినా బడి గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

అచ్చాయమ్మకు మరిది వరసైన మునసబు వీర్రాజు ఆయన్ని మొదట గంగాదేవి ఇంటికి తీసుకొచ్చాడు. సూర్యప్రకాశరావు మంచంమీద కూర్చుని, గంగాదేవి కొడుకు బంగారరాజుని దగ్గరికి పిలిచి, "బాబూ, భయపడకు" అన్నాడు. అప్పటిదాకా వాడికి భయపడాలని తోచనేలేదు. ఆయన తోలుసంచి తెరిచి, రబ్బరు తిత్తి ఉన్న సన్నని గాజుగొట్టం తీసి, చిన్న సీసాలో ముంచి, పైకి పీల్చి, వెలుతురుకేసి పట్టి చూశాడు. పెన్నులో సిరా పోసుకుందామని పాపం ఆయన ఉద్దేశం. కానీ భయపడకని చెప్పి గాజుగొట్టం తీసేవాళ్లను మొగలిలంక కిందటేడే చూసింది. కలరా సూదులు వేసి వెళ్లారు. ఊరు ఊరంతా జ్వరంతో మూలిగింది.

"అమ్మో, సూదులోడే!" అని కేకపెట్టి బంగారరాజు దొడ్డిదారిని పరుగు తీశాడు.

"మీ అబ్బాయి అలా పారిపోయాడేమిటి?" అన్నాడు సూర్యప్రకాశరావు.

ఏమండీ, మీరు సూదులాయనా అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. ఇంటికొచ్చిన మనిషిని అలా నిలదీయడానికి గంగాదేవికి మర్యాద అడ్డొచ్చింది. "మావాడు కాదండీ" అంది.

"మరెవరు?"

"ఎవరోనండీ. దారినపోయేవాడండీ."

ఆ కబురు ఆయనకన్నా ముందు వీధంతా తిరిగింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని దొడ్డిగుమ్మాల్లోకి వచ్చారు. ఎక్కడ దాచాలి? ఎవరింట్లో దాచినా ఆయన అక్కడికీ వస్తాడు. ఆయన గడప తొక్కని ఇల్లు ఊరు మొత్తంమీద ఒక్కటే ఉంది. అంతే, పెరటిదారిని అందరూ అచ్చాయమ్మ ఇంటిమీద పడ్డారు.

"పిన్నిగారూ, కాస్త వీణ్ణి చూడండి!" "అమ్మమ్మగారూ, దీన్ని మంచం కింద పెట్టండి!" అంటూ అప్పగించి మళ్లీ ఇళ్లకు పరుగెత్తారు. అచ్చాయమ్మకు సంగతి సగమే అర్థమైంది. మిగతా సగం అడగలేదు. అడిగితే ఎవరైనా పిల్లల్ని వెనక్కి తీసుకుపోతారేమోనని ఆమె భయం.

చివరికి ఎర్రయ్య వచ్చాడు. కూతురు రత్నాన్ని, దాని తమ్ముణ్ణి పట్టుకుని దడి బయటే నిలబడిపోయాడు. "అమ్మగారండీ, మా పిల్లలు దూడలపాకలో ఓ మూల ఉంటారండీ."

"దూడలపాకలో దూడకే చోటు లేదు. లోపలికి పంపు."

అప్పటికే అక్కడ దూరిన బంగారరాజుని చూడవచ్చిన గంగాదేవి బుగ్గలు నొక్కుకుంది. "పిన్నిగారూ, పేట పిల్లలండీ!"

"అయితే మీవాణ్ణి తీసుకుపోమ్మా. ఆ సూదులాయన వీధిలోనే ఉన్నాడు."

గంగాదేవి కొడుకుని ఇంకాస్త లోపలికి నెట్టి వెళ్లిపోయింది.

అటు వీధిలో సూర్యప్రకాశరావుకి మతిపోతోంది. ఏ ఇంటికి వెళ్లినా "పిల్లల్లేరండీ" అంటున్నారు. ఓ ఇంట్లో దండెంమీద బుల్లిచొక్కాలు ఆరేసి ఉన్నాయి. "ఇవెవరివండీ?" అని అడిగితే, "మా ఆయనవేనండీ. ఉతికితే కుంచించుకుపోయేయండీ" అంది ఆ ఇల్లాలు. ఇంకో ఇంట్లో ఖాళీ ఉయ్యాల ఊగుతోంది. అదేమిటంటే గాలి అన్నారు.

వీర్రాజుకీ ఇదేమిటో తెలియదు. కానీ ఊరిమాట కాదంటే మునసబు ఎలా అవుతాడు? "అందరూ మేనమామల ఇళ్లకి వెళ్లేరండీ" అన్నాడు.

"ఊళ్లో పిల్లలందరూనా?"

"ఆయ్. మావాళ్లకి మేనమామలంటే మహా ప్రేమండీ."

సూర్యప్రకాశరావు ముఖం వాడిపోయింది. అమలాపురంలో ఓ గది అద్దెకు తీసుకుని, ఒక్కడే తిని, ఒక్కడే పడుకుని, రోజుకో ఊరు తిరుగుతున్నాడు. ఎక్కడికి వెళ్లినా మర్యాదే తప్ప మనసు విప్పి మాట్లాడేవాళ్లు లేరు. ఇవాళ అడగడానికి పిల్లలు కూడా లేకుండా పోయారు.

మర్యాదకు మాత్రం ఏ లోటూ లేదు. మొగలిలంకలో వచ్చినవాడికి నిజం చెప్పకపోయినా ఫరవాలేదు గానీ, కొబ్బరిబొండాం ఇవ్వకుండా పంపకూడదు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. పిల్లల్లేరని చెప్పిన ప్రతి ఇల్లూ ఆ పాపానికి పరిహారంగా ఒకటికి రెండు కొట్టి ఇచ్చింది. పరిశోధకుడైనా మనిషే కదా! ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆయనకు పరిశోధనమీద ధ్యాస పోయింది. వీర్రాజుని అడగడానికి సిగ్గేసి, "ఇప్పుడే వస్తాను" అని వీధి చివర కనిపించిన కొబ్బరితోటలోకి దాదాపు పరుగెత్తాడు.

అది అచ్చాయమ్మ తోట. బరువు దించుకుని తిరిగివస్తూ, పెంకుటింటి కిటికీలోంచి గుసగుసలు విని ఆగాడు. లోపలికి చూసి అలాగే నిలబడిపోయాడు. ఊరిపిల్లలంతా ఉన్నారు. ఆడపిల్లలు, మగపిల్లలు, పెద్దిళ్లవాళ్లు, పేటవాళ్లు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుని ఒకే జల్లెడలోంచి పాకుండలు తింటున్నారు. మధ్యలో ఓ పెద్దావిడ తాటిదుంగ ఎలా దాటాలో చేతులు చాపి చూపిస్తోంది. "కిందికి చూడకూడదు. అవతలిగట్టు చూడాలి. వెనకవాడి చెయ్యి వదలకూడదు. ఏదీ, పట్టుకోండి!" బంగారరాజు రత్నం చెయ్యి పట్టుకున్నాడు. అచ్చాయమ్మ నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు.

సూర్యప్రకాశరావు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "అమ్మా, ఇది బడేనా?"

కాదంటే పిల్లల్ని దాచారని తెలిసిపోతుంది, సూదులు తప్పవు. "ఆయ్, బడేనండీ" అంది అచ్చాయమ్మ.

"రోజూ జరుగుతుందా?"

అచ్చాయమ్మ పిల్లలకేసి చూసింది. నోరు దానంతటదే "రోజూనండీ" అంది. అబద్ధం కన్నా అది మొక్కులా వినిపించింది.

ఆయన ఆనందం పట్టలేక చాపమీద చతికిలబడి మళ్లీ గాజుగొట్టం తీశాడు. పిల్లలంతా గొల్లుమని అచ్చాయమ్మ వెనక దూరారు. ఆయన తెల్లబోయి, పెన్నులో సిరా పోసి, కాగితంమీద ఓ గీత గీశాడు. బంగారరాజు మెల్లగా వచ్చి గీతను వేలితో ముట్టి చూసి, "ఓస్, ఇంతేనా!" అన్నాడు.

దడి అవతలనుంచి చూస్తున్న గంగాదేవి ద్వారా ఆ మాట ఊరంతా పాకింది. తల్లులందరూ పిల్లలకోసం ఒక్కసారిగా వచ్చిపడ్డారు, పొద్దుటినుంచీ పిల్లల్లేరన్నవాళ్లంతా. సూర్యప్రకాశరావు ఒక్కొక్కరినీ పోల్చుకున్నాడు. "మీకు పిల్లల్లేరన్నారు కదండీ?"

అందరూ వీర్రాజుకేసి చూశారు. వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. "మీరు అడిగినప్పుడు ఇంట్లో లేరు కదండీ. బళ్లో ఉన్నారాయె."

"మరి మేనమామలో?"

"బడి వదిలేసేక వెళ్తారండీ."

బాబు నమ్మాడు. నమ్మి ఊరుకుంటే కథ ఇక్కడే ఆగేది. పై నెలలో స్కూళ్ల డిప్టీ ఇనస్పెక్టరు గారిని తీసుకొచ్చి ఈ బడి చూపిస్తానని మాట ఇచ్చి మరీ వెళ్లాడు. వీర్రాజుకి చెమటలు పట్టాయి. లేని బడి చూపిస్తే మునసబుగిరీ ఊడుతుంది. కాబట్టి అలవాటు కోసం ఊరిపిల్లలందరూ, పేట పిల్లలతో సహా, రోజూ వదినగారింటికి వెళ్లవలసిందేనని మళ్లీ తప్పెట వేయించాడు.

ఆ నెల అచ్చాయమ్మ బతికింది. పొయ్యి ఆరలేదు, గొంతు ఆగలేదు. కొబ్బరికాయలతో లెక్కలు చెప్పింది, కాలవలో ఈత నేర్పింది, దెబ్బలాటలు తీర్చింది. గేదెతో మాట్లాడటానికి తీరికే లేదు.

అనుకున్నట్టే ఇనస్పెక్టరు గారు వచ్చారు. పిల్లల్ని చూసి మురిసిపోయారు. వెళ్లబోతూ అచ్చాయమ్మకు పలక ఇచ్చి, "మీ పేరు రాయండమ్మా" అన్నారు.

"నాకు రాయడం రాదండీ."

సూర్యప్రకాశరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇనస్పెక్టరు గారు కళ్లజోడు తీశారు. "మరి పిల్లలకేం చెబుతున్నారు?"

"నాకొచ్చినవి చెబుతున్నానండీ. నాకు రానివి వాళ్లకీ రావు. గొడవ లేదండీ."

గొడవ లేకుండా ప్రభుత్వం ఎలా నడుస్తుంది? అక్షరం రానివాళ్లు బడి నడపకూడదని ఇనస్పెక్టరు గారు తేల్చేశారు. అయితే ఇంతమంది పిల్లలున్న ఊరికి బడి లేకపోవడం అన్యాయమని మొగలిలంకకు బోర్డుస్కూలు ఇచ్చారు. వీర్రాజు తన కొట్టు ఖాళీ చేయించాడు, రాజోలునుంచి పంతులుగారు వచ్చారు. ఊరంతా సంతోషించింది. సంతోషించాలి కాబట్టి అచ్చాయమ్మ కూడా సంతోషించింది.

మర్నాడు ఇల్లు బావురుమంది. ఇదివరకూ ఒంటరితనమే, కానీ అది అలవాటైన ఒంటరితనం. ఇప్పుడా అలవాటు తప్పిపోయింది. అలికిడైతే చాలు గుమ్మంలోకి వచ్చి చూసేది. చూసి, ఎవరూ లేకపోతే ఏడ్చేది.

ఓ రోజు బడివేళ దడి దగ్గర రత్నం కనబడింది. "బడికెళ్లలేదేమే?" అని అడిగింది అచ్చాయమ్మ.

"వెళ్లేనండీ. గుమ్మం దగ్గర కూర్చోమన్నారండీ. తమ్ముడు రానంటున్నాడు. అక్కడ నేను ఒక్కదాన్నేనండీ."

అచ్చాయమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఒక్కదాన్నే అన్నమాటకు అర్థం ఆ ఊళ్లో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మర్నాడు తానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కొత్తపలక పట్టుకుని బడికి వెళ్లింది. పంతులుగారు లేచి నిలబడ్డారు. "మనవణ్ణి చేర్పించడానికాండీ?"

"లేడండీ. నేనే చేరతాను." అని గుమ్మం దగ్గర రత్నం పక్కన చతికిలబడింది.

పంతులుగారు వీర్రాజు ఇంటికి పరుగెత్తారు. వీర్రాజు వచ్చి తలపట్టుకున్నాడు. "వదినగారూ, పరువు పోతుందండీ!"

"నాకు రాయడం రాదని అంతమందిలో తేలినప్పుడే పోయింది కదండీ మరిదిగారూ. నేర్చుకోవద్దా?"

"నేర్చుకోండి. లోపల కుర్చీ వేయిస్తానండీ."

"కుర్చీలో ఒక్కదాన్నే కూర్చోవాలి కదండీ. ఇక్కడ పక్కన మనిషుంది."

వీర్రాజు కుర్చీ సంగతి వదిలేసి పంతులుగారికేసి చూశాడు. మునసబుగారి వదినగారిని లెమ్మనే ధైర్యం పంతులుగారికి ఎలాగూ లేదు. ఇంతలో బంగారరాజు పలక తీసుకుని వచ్చి ఆమెకు ఇటువైపు కూర్చున్నాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఆడపిల్లలు, ఆఖరున రత్నం తమ్ముడు. గంగాదేవి వీధిలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది, కొడుకుని మాత్రం లేపలేదు. మధ్యాహ్నానికి లోపల నల్లబల్ల ముందు ఎవరూ మిగల్లేదు. పంతులుగారు కాసేపు గోడలకు పాఠం చెప్పి చూసి, లాభంలేక నల్లబల్ల భుజాన వేసుకుని తనే గుమ్మం దగ్గరికి వచ్చారు.

సూర్యప్రకాశరావు తన పరిశోధనలో మొగలిలంక లెక్క ఉన్నదున్నట్టు రాస్తే, ఊళ్లో ఉన్న పిల్లలకన్నా బళ్లో చేరిన పిల్లలు ఒకరు ఎక్కువెలా వచ్చారని ప్రొఫెసరు గారు ఎర్రసిరాతో చుట్టి, ముందు కూడికలు నేర్చుకోమన్నారు.