రెండు పళ్ళ పాప జ్ఞానస్నానం

ఆ శనివారం పొద్దున్నే, హడావిడి లేకుండా మనవరాలికి జ్ఞానస్నానం చేయించి, ఇంటికొచ్చి ఉడికించిన అరటికాయ ముద్ద తినాలనుకుంది ఫిదెలినా. బానీ ఊళ్ళో హడావిడి లేకుండా ఏదీ జరగదని ఆమెకు తెలియంది కాదు. పాప కింది చిగుళ్ళలో రెండు పళ్ళతో పుట్టిందని పక్కింటి కాందిదా చెవిన వేసింది కూడా ఆమే.

"రెండే వదినా, బియ్యపు గింజల్లా ఉంటాయి" అంది. వీధి చివరికి చేరేసరికి అవి నాలుగయ్యాయి. సంతకు చేరేసరికి పాప చెరకు నములుతోంది. ఇప్పుడు చర్చి మెట్ల మీద ఒక పెద్దాయన వేయించిన పంది మాంసంతో సిద్ధంగా ఉన్నాడు.

"ఒక్క ముక్క నమిలిస్తే చూసి పోతానమ్మా!"

"పాలు తాగే పిల్లయ్యా అది!" అంది ఫిదెలినా కూతురు నెరెయిదా.

పళ్ళ డాక్టరమ్మ ముందే చెప్పింది: "గట్టిగా ఉంటే తడిగుడ్డతో తుడుస్తూ ఉంచుకోవచ్చు. ఇవి ఊగుతున్నాయి. ఊడి గొంతులో పడితే ప్రమాదం. తీయించేయండి."

"జ్ఞానస్నానం అయ్యాక చూద్దాంలేవే, నలుగురూ చూడనీ" అని వాయిదా వేసింది ఫిదెలినా.

ఫాదరూ మనిషే. నీళ్ళు పోసి, "ఏదీ, నిజమేనా?" అంటూ పాప నోట్లో వేలు పెట్టారు. పాప కొరికింది. ఆయన వేలు లాక్కునేసరికి ఒక్క పన్నే మిగిలింది.

"మింగేసింది!" అని కాందిదా కేక పెట్టింది. ఆడవాళ్ళు నేల మీద వెతికారు. తొట్టి నీళ్ళన్నీ తోడారు. పెద్దాయన బల్లల కింద దూరి ఇరుక్కుపోయాడు. ఫిదెలినా మాత్రం పాపను ఎత్తుకుని ఆసుపత్రి దారి పట్టింది. "నా చేతులారా చేసుకున్నానే!" అని గొణిగింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే కోసం పాప గౌను విప్పితే, తడిసిన లేసులోంచి పన్ను రాలి పడింది. డాక్టరమ్మ రెండోదీ తీసేసింది. కాసేపటికి నెరెయిదా పాలిచ్చింది. పాప పుట్టాక మొదటిసారి ఆమె నొప్పికి పళ్ళు బిగించలేదు.

"అంత నొప్పని చెప్పలేదేమే?" అంది ఫిదెలినా.

"చెప్పానమ్మా. నువ్వు వాకిట్లో దాన్ని ఊరందరికీ చూపిస్తున్నావు."

ఫిదెలినా తల వంచుకుంది.

సాయంత్రం పక్క ఊరు అసువా నుంచి ఒక కుటుంబం బస్సు దిగింది. "పళ్ళ పాప ఇల్లు ఇదేనా?"

ఫిదెలినా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇక్కడున్నది బోసినోటి పిల్ల. పేరు అమరిలిస్. నిద్రపోతోంది."

వాళ్ళు ఉసూరుమంటూ బస్సెక్కారు. పాప పేరు తెలుసుకుని వెళ్ళిన సందర్శకులు వాళ్ళే మొదలు.